గ్రేడింగు బల్ల మీద ‘ఎనిమిదో తాళం’

ఆరో సీజను నూక.
చేటతో ఒక్కసారి చెరిగితే గాలికి పోయే సరుకు.
ఇందులో వాదన లేదు, మేస్త్రి బైరాగి కూడా ఒప్పుకున్నాడు.
రెండేళ్ళ కిందట చచ్చిన ఎస్సైకి
తమ్ముడున్నాడని చెప్పి
అదే మొహానికి మీసం తగిలించి తెస్తారా?
మేం జీడిగింజలు ఒలుస్తాం గానీ
మా బుర్రలు ఒలిపించుకోడానికి కూర్చోలేదు.

కాశీబుగ్గలో రైలు గేటు అవతల రేకుల షెడ్డు.
బల్లకి ఇటు నలుగురం, అటు నలుగురం.
నూట ఎనభై అంటే దొరలాంటి గుడ్డు, తెల్లగా, బొద్దుగా.
తర్వాత రెండొందల పది, రెండొందల నలభై,
పెళ్ళి పాయసాల్లోకి పోయే మూడొందల ఇరవై.
అంకె పెరిగేకొద్దీ గుడ్డు చిన్నదవుతుంది,
మాది తిరగేసిన లెక్క.
సీరియల్ వాళ్ళదీ అదే లెక్కని
ఐదో సీజనుకి గానీ తెలిసింది కాదు.
పన్నెండేళ్ళు గుడ్లు ఏరిన వేళ్ళు
కథల దగ్గర ఊరుకుంటాయా?

మొదటి సీజను రెండొందల పది.
నారమ్మ నూట ఎనభై అంటుంది, నేను అనను.
తొలి కాన్పు మీద మమకారం తూకానికి పనికిరాదు.
ఏడు తాళాలు తీసి, ఎనిమిదోది
ఎవరి మొలతాడుకుందో చెప్పకుండా
ఆదివారం రాత్రి ఆపేశారు చూడండి,
సోమవారం షెడ్డులో ఎవరి కళ్ళూ బల్ల మీద లేవు.
రెండు డబ్బాల్లో బద్దా గుడ్డూ కలిసిపోయాయి.
మేస్త్రి కూలి కోసేడు.
ఆ కోత కూడా కలుపుకునే రెండొందల పది.

రెండోదాని గురించి చెప్పడానికేం లేదు, మూడొందల ఇరవై.
మూడోదీ అంతే అనేదాన్ని,
కానీ అందులో ఆ లాయరమ్మ ఉంది.
సీజనంతా చేతి తొడుగులు తియ్యదు.
ఆఖర్న తీస్తే, కాలిన వేళ్ళు.
నారమ్మ ఒక్కసారి తన చేతులు చూసుకుంది,
జీడిరసం తిన్న గోళ్ళు, నల్లటి బొటనవేలు.
“దానికి డాక్టరొచ్చేడు కదే,” అంది.
మరి ఆ రాత్రి అన్నం తినలేదు.
మూడోదాన్ని ఒక గ్రేడు పైకి జరిపేను.

ఐదోది బద్ద. సగం బాగుంది,
ఆ సగం ఏదో మాత్రం మాలో మాకే తేలలేదు.

నాలుగు.
నాలుగో సీజను మేం చూడలేదు.
తిత్లీ తుఫానొచ్చిన ఏడు అది.
తోటలు వేళ్ళతో సహా తిరగబడి
స్తంభాలు గొంతుక్కూర్చున్నాయి.
కరెంటెప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు.
తవిటమ్మ బరంపురంలో తమ్ముడింటికి పోయి
వారానికి తిరిగొచ్చింది.
“అంతా చూసేసినానే,” అంది.
పడిపోయిన జీడిమొద్దు మీద కూర్చుని
రాత్రికొక భాగం చొప్పున చెప్పింది.
పక్కన లాంతరు, అందులో అరగ్లాసు కిరసనాయిలు.
దాని హంతకుడికి పేరు లేదు,
తడి చెప్పుల చప్పుడే.
ఎనిమిదో తాళం ఒక తలుపుకుందట.
గాలి ఇల్లంతా ఎత్తుకుపోతే
ద్వారబంధమూ తలుపూ మాత్రం నిలబడ్డాయట,
తాళం వేసే ఉందట.
లోపల ఎవరో కొడుతున్నారట.
లోపలంటే ఏదే? అని అడిగితే
లాంతరు ఊదేసింది.

మొన్న మా కోడలి ఫోనులో చూసేను నాలుగో సీజను.
పడవలున్నాయి, హెలికాప్టరుంది,
అద్దాల మేడలో పిస్తోళ్ళున్నాయి.
తలుపు లేదు.
తవిటమ్మని నిలదీస్తే, ముంతలో నీళ్ళు తాగి,
“మా తమ్ముడింట టీవీ ఎక్కడిదే?” అంది.

కాబట్టి రాసుకోండి:
టీవీవాళ్ళ నాలుగు, నూకలో నూక.
తవిటమ్మ నాలుగు, నూట ఎనభై.
డబ్బాలో ఒక్కటే గుడ్డు.
నారమ్మ ఇంకా ఒప్పుకోలేదు,
చూడనిదాన్ని ఎలా తూస్తావంటుంది.

ఏడోది వచ్చే నెలలో వేస్తారట.
తవిటమ్మకి చూపు తగ్గిందని
బల్ల మీంచి తీసి పొట్టు దగ్గర కూర్చోబెట్టేరు.
నిన్న పోయి అడిగేను.
“సగం చూసినాను,” అంది,
చేతిలో గుడ్డు తిప్పుతూ.